ఎర్ర పీతల సముద్రయాత్ర

పొలం గట్లలో బొరియలు చేసుకునే పీతను (కొన్ని జిల్లాల్లో ఎండ్రకాయ అంటాం) చూడనివారు మన హాస్టల్‌లో ఉండరు. అది నీటి చెంతనే బ్రతుకుతుంది. అయితే అడవిలో బ్రతుకుతూ, ఏడాదికొకసారి గుడ్లు వదలడానికి సముద్రానికి నడిచి వెళ్ళే పీత ఒకటుంది. జంతుశాస్త్ర విద్యార్థులమైన మేము దాని గురించి ఇక్కడ తెలియజేస్తున్నాము.

ఇండోనేషియాలోని జావాకు దక్షిణంగా సుమారు 350 కి.మీ. దూరంలో, హిందూ మహాసముద్రంలో క్రిస్మస్ దీవి ఉంది. ఆస్ట్రేలియా పాలనలో ఉన్న ఈ దీవి వైశాల్యం సుమారు 135 చదరపు కి.మీ. మాత్రమే. పండుమిరప రంగు పీతలు అక్కడ కోట్ల సంఖ్యలో ఉన్నాయి. రాలిన ఆకులు, పండ్లు, లేత మొలకలు వాటి ఆహారం. నేల మీద తిరిగినా అవి శ్వాసించేది మొప్పలతోనే. మొప్పలు ఆరిపోతే చావే. అందుకే ఎండాకాలంలో బొరియ నోటిని ఆకులతో మూసి లోపలే ఉండిపోతాయి. (వీటిని వండుకోవచ్చా అని మిత్రులు అడగక మానరు. అక్కడి చట్టం ఒప్పుకోదు!)

అక్టోబర్, నవంబర్‌లలో తొలి వానలు పడగానే ప్రయాణం మొదలవుతుంది. వాటి కోసం రోడ్లు మూసివేస్తారు, రోడ్డు దాటడానికి వంతెన కూడా కట్టారు. మగవి ముందుగా తీరం చేరి బొరియలు తవ్వుతాయి, జతకట్టాక అడవికి తిరిగిపోతాయి. ఆడపీత లక్ష వరకు గుడ్లను పొట్ట కింద మోస్తూ రెండు వారాలపాటు అక్కడే ఉంటుంది. బహుళ అష్టమి ప్రాంతంలో, తెల్లవారకముందే, పోటు తీయడం మొదలయ్యే వేళ గుడ్లను నీటిలో వదులుతుంది. ఆ రోజుల్లో ఆటుపోట్ల మధ్య తేడా తక్కువ. వాన ఆలస్యమైతే దారిలో మేతకు ఆగకుండా త్వరపడతాయి, తొందరగా కురిస్తే తీరికగా నడుస్తాయి. క్యాలెండర్ లేని జీవికి ఈ లెక్క ఎలా తెలిసిందో!

నీరు తగలగానే గుడ్లు పొదుగుతాయి. పిల్లలు నెల రోజులు సముద్రంలో గడపాలి. ఎక్కువ భాగం చేపల పాలవుతాయి. చాలా ఏళ్ళలో ఒడ్డు చేరేవి దాదాపు ఉండవు. దశాబ్దానికి ఒకటి రెండుసార్లు పెద్దఎత్తున తిరిగివచ్చినా జాతి నిలబడుతుంది.

అసలు ముప్పు అడవిలోనే వచ్చింది. మనుషుల రాకపోకలతో దీవి చేరిన పసుపు పిచ్చిచీమలు 1989 నుండి భారీ కాలనీలుగా కనిపించాయి. ఇవి కుట్టవు, ఆమ్లం చిమ్ముతాయి. దానితో పీత కళ్ళు పోయి చనిపోతుంది. కోటికి పైగా పీతలు ఇలా నశించాయని అంచనా. చీమలు లేని చోటి పీతలు కూడా, ప్రయాణంలో చీమల దారిన పడి, ఇల్లు చేరలేదు. పీతలు పోయిన చోట ఆకుచెత్త పేరుకుంది, మొలకలు తినేవారు లేక అడవి అడుగు పొదలతో నిండిపోయింది.

మందు చల్లినా చీమలు మళ్ళీ పెరిగాయి. వాటికి బలం చెట్లపై పొలుసు పురుగులు విసర్జించే తియ్యని జిగురు. అందుకని 2016 డిసెంబర్‌లో మలేషియా నుండి తెచ్చిన 2 మిల్లీమీటర్ల కందిరీగలను వదిలారు. అవి చీమల జోలికి పోవు. పొలుసు పురుగులో గుడ్డు పెట్టి, దానిని చంపి, చీమకు తిండి లేకుండా చేస్తాయి.