గది ఉష్ణోగ్రత అంటే ఎంత?

చైనాగ్రాస్‌తో స్వీటు చేయడం చూసినవారందరికీ జెల్ పరిచయమే. పొడవాటి అణువుల గొలుసులు ముడిపడి వలలా ఏర్పడి, ఆ వల నీటిని పట్టి ఉంచితే అది జెల్ అన్నమాట. చైనాగ్రాస్ సుమారు 85 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 40 కిందికి చల్లారితే గాని గట్టిపడదు. వేడికి కరగడం, చలికి బిగుసుకోవడం మనకు తెలిసిన సంగతే.

నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు తీసుకున్న జెల్‌ది తలకిందుల వ్యవహారం. పేరు పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్. (పేరు చూసి పేజీ తిప్పేయకండి, మళ్ళీ వాడను.) చల్లని నీళ్ళలో ఇది ఉబ్బి గాజులా తేటగా ఉంటుంది. 32 డిగ్రీలు దాటిందా, తాగిన నీళ్ళు కక్కేసి, ముడుచుకుపోయి తెల్లబడుతుంది. చల్లారిస్తే మళ్ళీ ఉబ్బుతుంది. కోడిగుడ్డు సొన కూడా వేడికి తెల్లబడుతుంది గాని, ఉడికిన గుడ్డు తిరిగి పచ్చిగుడ్డు కాదు గదా!

కారణం గొలుసులోనే ఉంది. ఒక్కో కొక్కేనికి నీరంటే ఇష్టపడే ఎమైడ్ భాగం ఒకటి, నీరంటే గిట్టని ఐసోప్రొపైల్ భాగం ఒకటి. చల్లగా ఉన్నప్పుడు గిట్టని భాగం చుట్టూ కూడా నీటి అణువులు వరుసకట్టి నిలబడతాయి. వేడెక్కేసరికి ఆ క్రమశిక్షణ భరించలేక విడిపోతాయి. వాటి ఎంట్రోపీ పెరుగుతుంది. ఒంటరివైన గిట్టని భాగాలు ఒకదాన్నొకటి అంటుకుంటాయి, వల ముడుచుకుంటుంది. ఈ పాలిమర్ ద్రావణం 32 దగ్గర ఇలా ప్రవర్తిస్తుందని హెస్కిన్స్, గిలెట్ 1968లో ప్రకటించారు. జెల్ పరిమాణం ఒక్కసారిగా మారిపోగలదని 1978లో వేరొక జెల్‌తో చూపిన తొయోఇచి తనాకా, 1984లో హిరొకావాతో కలిసి దీనిలోనూ చూపించారు.

ఇక నా కథ. పద్ధతిలో "గది ఉష్ణోగ్రత వద్ద తయారుచేయాలి" అని ఉంది. చేశాను. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. వచ్చింది జెల్ కాదు, విరిగిన పాలలాంటి తెల్లటి ముద్ద! కెమికల్స్ పాతవని స్టోర్‌కీపర్‌గారితో తగువు పెట్టుకున్నాను. మూడోసారి కూడా అంతే అయ్యాక మా మాస్టారు ఏమీ అనకుండా బల్లమీదున్న థర్మామీటరు చూపించారు. 37! పుస్తకం రాసినవారి గది 25 డిగ్రీలది. మా గదిలో గొలుసులు పుడుతూనే ముడుచుకుపోతున్నాయి. పైగా చర్యలో పుట్టే వేడి ఒకటి. మర్నాడు ఐసు నీళ్ళలో పెట్టి చేస్తే తేటగా వచ్చింది. స్టోర్‌కీపర్‌గారికి టీ ఇప్పించాను.

స్థిరత్వం మాటకొస్తే, ఎండిన పాలిమర్ 300 డిగ్రీలు దాటినా అంత తేలిగ్గా విచ్ఛిన్నం కాదు. చిక్కంతా ఉబ్బిన రూపంతోనే. చిటికెడు ఉప్పు వేసినా ఆ 32 కిందికి జారుతుంది. నీటిని ఇష్టపడే మోనోమర్ కొంచెం కలిపితే పైకి పోతుంది. తొందరపడి ఒక్కసారిగా వేడిచేస్తే పైపొర ముందుగా బిగుసుకొని తోలులా అవుతుంది, లోపలి నీరు బయటికి రాలేదు. ముక్క పరిమాణం పదింతలైతే పట్టే కాలం సుమారు నూరింతలు. అందుకే నేను ముక్కల్ని సన్నని బిళ్ళలుగా కోసి, రెండేసి డిగ్రీల చొప్పున వేడిచేస్తూ, ఒక్కో మెట్టు దగ్గర బరువు నిలకడపడేదాకా ఆగేవాణ్ణి. ఒక్క గ్రాఫుకు పది రోజులు పట్టింది. ప్రాజెక్టు రిపోర్టులో మాత్రం "గది ఉష్ణోగ్రత" అనే మాట ఎక్కడా రాయలేదు; ప్రతిచోటా అంకె వేశాను.