వేరుకొనలో కణముల పనివిభజన

మొక్క యనగానే మనకు ఆకులు, పూవులు, కాయలు జ్ఞప్తికి వచ్చును. మంటిలో దాగిన వేరు తలపునకు రాదు. ఏడాది పొడవునను పారు నది యొక్కటియు లేని మన కోలారు జిల్లాలో పైరును బ్రదికించునది ఆ వేరే. బైరకూరు పరిసరములందు రాగినారు, టమాటనారు నాటువారందరు ఎరిగిన సంగతి యొకటి కలదు. నారు పెరికి నాటిన మొదటి రోజులలో, మడిలో తడి యున్నను, మొక్క వాడి తలవాల్చును. నీరు చెంతనే యుండగా దానికి దాహమేల? వేరులోని కణములు వేర్వేరు పనులకు ఏర్పడు విధానమును తెలిసికొన్నచో దీనికి సమాధానము దొరకును. ఆ విధానమునే ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వేరుకొనను కప్పుచు ఒక తొడుగుండును. 2001లో మూతపడువరకు కోలారు బంగారు గనులలో దిగిన కార్మికులు తలకు గట్టిటోపీ పెట్టుకొనినట్లు, మంటిలోనికి చొచ్చుకొనిపోవు వేరునకు ఈ తొడుగు రక్షణ. రాపిడికి దాని పైకణములు రాలిపోవుచుండ, లోపలినుండి క్రొత్తవి వచ్చుచుండును.

తొడుగునకు వెనుక నున్నది విభాజ్య కణజాలము. ఇచ్చటి కణములు చిన్నవి. ఒకటి రెండుగా చీలుటయే వాని పని. దానికి పైభాగమున కణములు చీలుట మాని పొడవుగా సాగును. ఆపైన సాగుటయు ముగిసి, ఒక్కొక్క కణము తన పనికి తగిన రూపమును పొందును. దీనినే కణవిభేదన మందురు. జర్మను శాస్త్రజ్ఞుడు జూలియస్ జాక్స్ 19వ శతాబ్దమున మొలకవేరుపై సమదూరముగా సిరాగీతలు గీసి పరిశీలించెను. కొనకు చేరువనున్న గీతలు ఎడమయ్యెను. పైగీతలు ఉన్నచోటనే యుండెను. అనగా వేరు సాగునది కొనకు వెనుక నున్న కొద్దిభాగమున మాత్రమే.

ఇట్లు తయారైన కణములలో వెలుపలివి బాహ్యచర్మ మగును. వానిలో కొన్ని సన్నని గొట్టమువలె మంటిలోనికి సాగి మూలకేశము లగును. ఒక్కొక్క కేశము ఒకే కణము. ఇవి మంటిరేణువుల నడుమ చొచ్చి నీటిని, లవణములను గ్రహించును. లోపల వల్కలము, దాని చివరిపొర అంతశ్చర్మము. దీని కణముల గోడలలో నీటిని పోనీయని పట్టీ యొకటి కలదు. అందుచే నీరు గోడల సందులనుండి దూరక, జీవకణముల గుండానే లోనికి పోవలెను. నడుమ నున్న దారువులోని నాళకణములు తమ జీవపదార్థమును కోల్పోయి బోలుగొట్టము లగును. నీరు పైకెక్కునది వానిగుండానే.

అన్ని కణములలోను ఉన్న జన్యువులు ఒక్కటే. అట్లయిన, ఇది కేశము కావలెను, అది నాళము కావలెను అని నిర్ణయించున దేది? కణము ఏ వంశమున పుట్టినదను విషయమా, లేక అది నిలిచిన స్థానమా? ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్నమొక్కలో దీనిని పరీక్షించిరి. 1995లో నెదర్లాండ్స్ దేశమందలి ఉట్రెక్ట్ నగరమున బెన్ షెరెస్ బృందమువారు లేజరు కిరణముతో వేరుకొనలోని ఒక్కొక్క కణమును చంపి చూచిరి. ఆ ఖాళీలోనికి జరిగిన ప్రక్కకణము తన పాతపనిని విడిచి, క్రొత్త స్థానమునకు తగిన పనిని చేపట్టెను. స్థానమే ప్రధానమని ఇందుచే తేలినది.

ఆ మొక్కలోనే మూలకేశములును ఇట్లే ఏర్పడును. లోపలి వల్కలకణములు రెండు కలియు సందుపై నిలిచిన బాహ్యచర్మకణము కేశ మగును. ఒకే వల్కలకణముపై నిలిచినది కాదు. ఇరుగుపొరుగు కణములు వార్తలు పంపుకొనుటయు కలదు. నడిమి భాగమున తయారగు షార్ట్‌రూట్ అను మాంసకృత్తు ప్రక్కపొరలోనికి పోయి, ఆ పొర ఏమి కావలెనో నిర్దేశించునని 2001లో వెల్లడియైనది. అన్ని మొక్కలకు పద్ధతి ఒక్కటే కాదు. వరిలో కణము అసమానముగా చీలగా చిన్నభాగము కేశ మగును. వేరుశనగలో కేశములు పిల్లవేరులు పుట్టుచోట కుచ్చులుగా మాత్రమే కానవచ్చును.

ఇక మన నారుమడికి వత్తము. నారు పెరుకునప్పుడు సున్నితమైన కేశములును, సన్నని వేరుకొనలును తెగి మంటిలోనే నిలిచిపోవును. మిగిలిన ముదురుభాగపు బాహ్యచర్మమునుండి మరల కేశములు రావు. కొనకు వెనుక, సాగుట ముగిసిన లేతభాగమునుండియే రావలెను. పిల్లవేరులు పుట్టి, వానిపై కేశములు మొలుచువరకు ఆకులు నీటిని ఆవిరిగా విడుచుచునే యుండును. త్రాగుటకు మాత్రము సాధనము చాలదు. నారు వాడుటకు కారణ మిదియే. పెరుకుటకు ముందు మడిని బాగుగా తడుపుట, వేరునంటిన మన్ను రాలకుండ తీయుట, ఎండ తగ్గిన పిమ్మట నాటుట అను మన పెద్దల పద్ధతులు ఇందుచేతనే యుక్తమైనవి.

విద్యార్థులారా! తడిగుడ్డపై రాగులు చల్లి మూతపెట్టి, మొలకెత్తిన పిదప భూతద్దముతో చూడుడు. వేరుచుట్టును తెల్లని నూగు కనబడును. అది బూజని తుడిచివేయకుడు, అవియే మూలకేశములు. అనపగింజ మొలకపై సిరాగీతలు గీసి, మరునాడు ఏ గీతలు ఎడమైనవో కొలిచి వ్రాసికొనుడు. వేరు ఎచ్చట సాగుచున్నదో మీకే తెలియగలదు.