తేదీల హద్దులు

దినదినము వ్రాసియుంచిన లెక్కలనుండి మనకు వలసిన దినములను మాత్రమే వెదకి తీయుట ఎట్లు? ఇది చిన్న ప్రశ్నగా తోచును. కాని హద్దు ఒక్క దినము తప్పినను ఫలితము తారుమారగును.

2015 డిసెంబరులో చెన్నపట్టణమును ముంచిన వానను ఉదాహరణముగా గైకొందము. మన వాతావరణ శాఖవారు ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వర్షమాపకమును చూచి, గడచిన 24 గంటల వానను ఆ ఉదయపు తేదీ క్రింద వ్రాయుదురు. కావున 1వ తేదీ ఉదయము మొదలు మరునాటి ఉదయము వరకు తాంబరములో కురిసిన 49 సెంటీమీటర్ల వాన 2వ తేదీ పద్దులో చేరినది. 1వ తేదీ వరకే లెక్క అడిగినవారికి ఆ మహావర్షము కనబడనే కనబడదు! లెక్కలో తప్పు లేదు. అడిగిన హద్దులోనే తప్పున్నది.

ఇట్టి పద్దులను నేడు కంప్యూటరులోని డేటాబేసులలో భద్రపరచుచున్నారు. అందు తేదీతోపాటు గంటయు నిమిషమును ఉన్నప్పుడు మరియొక చిక్కు కలదు. ఈశాన్య ఋతుపవన కాలమునకై “అక్టోబరు 1 మొదలు డిసెంబరు 31 వరకు” అని అడిగితిమనుకొందము. గంట చెప్పనిచో చాల డేటాబేసులు 31వ తేదీ అనగా ఆ దినము ప్రారంభమగు అర్ధరాత్రి అని గ్రహించును. ఆనాటి ఉదయపు పద్దు జారిపోవును. “అక్టోబరు 1 మొదలుకొని, జనవరి 1 రాకముందు వరకు” అని అడుగుట క్షేమము. మొదటి హద్దు లోపల, రెండవ హద్దు వెలుపల. ఇట్లయిన ఏ పద్దును తప్పిపోదు, ఏ పద్దును రెండుమార్లు లెక్కకు రాదు.

తేదీని 2015-12-02 అని సంవత్సరము, నెల, దినము అను వరుసలో వ్రాసినచో అంకెల వరుసయే కాలపు వరుస యగును. ఆ వరుసకు ఇండెక్సు ఏర్పరచినచో యంత్రము పద్దులన్నిటిని తిరుగవేయదు. మనము నిఘంటువును నడుమ తెరచినట్లు, ప్రతిమారును అక్కరలేని సగమును విడుచుచు పోవును. 10 లక్షల పద్దులున్నను సుమారు 20 చూపులలో మొదటి హద్దును చేరి, అచ్చటినుండి రెండవ హద్దు వరకు వరుసగా చదువును.

ఒక దినపు పద్దు లేనంతమాత్రమున ఆనాడు వాన లేదని తలపరాదు. సున్న వేరు, ఖాళీ వేరు.

విద్యార్థులు ఇంటి పాలలెక్కనైనను ఈ రీతిగా హద్దులేర్పరచి తల్లిదండ్రులతో కూడి సరిచూతురుగాక యని మా మనవి.