పెళ్ళి కథ – పదిమంది మాట

పెళ్ళి భోజనం గురించీ, పెళ్ళి కథ గురించీ అభిప్రాయం చెప్పడానికి ఎవరికీ పట్టాలు అక్కరలేదు. పులిహోరలో పులుపు చాలలేదని ఒకరూ, బూరెల్లో తీపి ఎక్కువైందని మరొకరూ అంటూనే ఉంటారు. విస్తరి ముందు కూర్చున్న ప్రతివారూ విమర్శకులే. ఆడపెళ్ళివారు ఆ మాటలన్నీ నవ్వుతూ విని, లోపలికి వెళ్ళి ఒక్క నిట్టూర్పు విడిచి మరచిపోతారు. అలా మరచిపోకుండా మెచ్చుకున్న మాటా, దెప్పిన మాటా ఒకే కాగితం మీద, ఎవరన్నారో పేర్లతో సహా వ్రాసి దాచుకున్న ఇల్లాలు ఎక్కడైనా ఉన్నదా?

ఇల్లాలు కాదుగాని, అటువంటి పని చేసిన రచయిత్రి ఒకామె ఉన్నది. ఆమె ఇంగ్లండు దేశపు జేన్ ఆస్టిన్. ఆమె వడ్డించిన విందు 'ఎమ్మా' అనే నవల. అచ్చమైన పెళ్ళి నవల. ఒక పెళ్ళితో మొదలై మూడు పెళ్ళిళ్ళతో ముగుస్తుంది. 1815 డిసెంబరు చివర లండనులో జాన్ మర్రే అనే ప్రచురణకర్త దాన్ని మూడు సంపుటాలుగా వెలువరించాడు. అచ్చువేసింది 2,000 ప్రతులు; వెల 21 షిల్లింగులు. పుస్తకం మీద రచయిత్రి పేరు లేదు. కాని ఎవరు వ్రాశారో చుట్టాలకూ స్నేహితులకూ తెలుసు. వారు చదివి నోటితో అన్నదీ, ఉత్తరంలో వ్రాసిందీ, ఇంకొకరి ద్వారా తన చెవిని పడ్డదీ, అంతా ఆమె తన చేతితోనే ఎక్కించి ఉంచుకున్నది. ఆ కాగితాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి ఈ తెల్లవారి పెళ్ళితో ఏం పని అని మీరు అడగవచ్చు. ముందు కథ కాస్త వినండి. అది అంత దూరపు పెళ్ళేమీ కాదని మీకే తెలుస్తుంది.

ఎమ్మా హైబరీ అనే ఊళ్ళో కలవారి పిల్ల. ఇరవయ్యొకటి నిండబోతున్నాయి. తల్లి లేదు. అందం, తెలివి, ఆస్తి మూడూ ఉన్నాయి. ఆమె మాట కాదనేవారు మాత్రం ఇంట్లో లేరు. తనను పెంచి చదువు చెప్పిన ఉపాధ్యాయినికి, ఊళ్ళోనే ఉన్న వెస్టన్ అనే పెద్దమనిషితో పెళ్ళవుతుంది. ఆ సంబంధం తానే కుదిర్చానని ఎమ్మా నమ్మకం. తండ్రికి పెళ్ళంటేనే భయం. పెళ్ళంటే ఇంట్లోంచి ఒక మనిషి వెళ్ళిపోవడమేనని ఆయన బాధ. పెళ్ళి కేకు తింటే అజీర్తి చేస్తుందని ఊరందరికీ హితవు చెపుతాడు. ఊరి వైద్యుడిచేత కూడా ఔననిపిస్తాడు. తీరా ఆ వైద్యుడి పిల్లలే తలా ఒక ముక్క పట్టుకొని కనిపించారని ఊళ్ళో చెప్పుకుంటారు!

ఒక సంబంధం కుదిరిన ఉత్సాహంలో ఎమ్మా పెళ్ళిళ్ళ పేరయ్య అవతారం ఎత్తుతుంది. హారియట్ అనే పదిహేడేళ్ళ పిల్ల ఆమె చేతికి చిక్కుతుంది. తల్లిదండ్రులెవరో తెలియదు, బడిలోనే ఉంటున్న అమాయకురాలు. ఆ పిల్లను రాబర్ట్ మార్టిన్ అనే రైతు మనసారా కోరి అడిగితే, అతడు నీకు తగడని నూరిపోసి ఎమ్మా ఆ పిల్లచేతనే వద్దని వ్రాయిస్తుంది. ఊరి చర్చి గురువు ఎల్టన్‌కు హారియట్‌ను ముడిపెట్టాలని ఆమె పథకం. ఎమ్మా హారియట్ బొమ్మ గీస్తే ఎల్టన్ పరవశించిపోతాడు. దానికి చట్రం కట్టించడానికి లండను దాకా మోసుకుపోతాడు. ఇంకేముంది, పిల్ల మీద మనసుపడ్డాడని ఎమ్మా మురిసిపోతుంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి బండిలో వస్తూ ఎల్టన్ ఎమ్మా చెయ్యి పట్టుకొని, నిన్నే పెళ్ళాడతానంటాడు. అతడు మెచ్చింది బొమ్మలోని పిల్లను కాదు, బొమ్మ గీసిన పిల్లను!

ఈ తప్పులన్నీ చూస్తూ, మొహమాటం లేకుండా మందలించే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే. అతడు నైట్లీ. ఎమ్మా బావగారికి అన్న. ఎమ్మాకంటె పదహారేళ్ళు పెద్ద. చివరకు ఆమెను పెళ్ళాడేది అతడే. ముసలితండ్రిని విడిచి రాలేనని ఎమ్మా అంటే, అంత ఎస్టేటు గల ఆ మనిషి ఇల్లరికం రావడానికి ఒప్పుకుంటాడు! ఇక తండ్రి ఔననాలి. ఒక రాత్రి వెస్టన్‌గారి కోళ్ళగూట్లో దొంగలు పడి టర్కీ కోళ్ళను ఎత్తుకుపోతారు. ఇంట్లో ఒక మగదిక్కు ఉండడం మంచిదేనని, ఆ భయంతో తండ్రి పెళ్ళికి సరేనంటాడు. ముహూర్తం పెట్టింది పురోహితులు కాదు, కోళ్ళ దొంగలు.

ఇక పాఠకుల మాటలు వినండి.

మేనకోడలు ఒకతె, తనకు ఎమ్మాను చూస్తేనే గిట్టలేదన్నది. మరో మేనకోడలు, నాయికలందరిలోకీ తనకు ఎమ్మాయే ఇష్టమన్నది. ఒకే మేనత్త, ఒకే పుస్తకం, రెండు తీర్పులు! తల్లిగారు, 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవలకంటె ఇందులో వినోదం ఎక్కువేగాని, 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్'లోని పాత్రలకు సాటి వచ్చేవారు ఇందులో లేరన్నారు. పెద్దన్నా వదినా, ఇంతకుముందు వచ్చిన మూడు నవలలూ ఇంతకంటె బాగున్నాయన్నారు. నౌకాదళంలో ఉన్న అన్న మాత్రం, ఇందులోని సహజత్వం చూసి అన్నిటికన్న దీన్నే మెచ్చుకున్నాడు. ఇంకొక ఆవిడకు సరిగ్గా ఆ సహజత్వమే అడ్డు వచ్చింది. మరీ సహజంగా ఉండడంవల్ల రుచించలేదన్నది. మన ఇళ్ళల్లో వారపత్రిక రాగానే సీరియల్ మీద జరిగే పంచాయితీకీ దీనికీ తేడా ఏమున్నది?

పొరుగావిడ ఒకరు, రచయిత్రి తెలిసిన మనిషి కాబట్టి సరిపోయింది, లేకపోతే చివరిదాకా చదవడమే కష్టమయ్యేదన్నారు. ఒక పెద్దమనిషి, కథ రుచిగా లేదని ఎవరో చెప్పగా విని, మొదటి ప్రకరణమూ చివరి ప్రకరణమూ మాత్రం చదివి సరిపెట్టుకున్నాడు. మరొక ఆవిడకు తన ఇంటిపేరే ఒక పాత్రకు పెట్టడం నచ్చలేదు. వేరొక ఆవిడ, బేట్స్ అనే తల్లీకూతుళ్ళ పాత్రలు తమకు తెలిసినవాళ్ళను చూసి వ్రాసినవేనని గట్టిగా నమ్మింది. వాళ్ళెవరో తాను విననే లేదని రచయిత్రి పక్కన వ్రాసుకున్నది. ఒక పెద్దమనిషికి పుస్తకం ఎంత నచ్చలేదంటే, ఆయన అన్న మాటలు పంపడానికే మేనకోడలికి మనసొప్పలేదు. ఆ సంగతి కూడా జాబితాకెక్కింది. అదే జాబితాలో, 'ఎడింబరో రివ్యూ' సంపాదకుడు జెఫ్రీకి ఈ నవల మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిందన్న మాటా ఉన్నది.

ఒక స్నేహితురాలు, పుస్తకం పొడుగునా సంబంధాలు కుదర్చడమే తప్ప వేరే సంగతి లేదని తప్పుపట్టింది. ఈ మాట వెనక ఒక చిన్న కథ ఉన్నది. 1802 డిసెంబరులో ఆ స్నేహితురాలి తమ్ముడే జేన్‌ను పెళ్ళాడతానని అడిగాడు. ఆస్తిపరుడు. సాయంత్రం జేన్ సరేనన్నది, తెల్లవారేసరికి వద్దన్నది. మళ్ళీ పెళ్ళి మాట తలపెట్టలేదు. ఆ వద్దన్న మాటకు ఎంత వెల చెల్లించవలసి వచ్చిందో తెలిస్తేగాని, ఈ నవ్వుల కథలో ఉన్న బరువు తెలియదు.

1805లో తండ్రి పోయాడు. తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ అన్నదమ్ములు ఇచ్చే డబ్బుమీద కాలం గడపవలసి వచ్చింది. నాలుగేళ్ళు ఇక్కడా అక్కడా ఉన్న తరువాత, 1809లో ఒక అన్న చాటన్ అనే పల్లెలో ఇల్లు చూపించాడు. 'ఎమ్మా' వ్రాసింది ఆ ఇంట్లోనే. ఇప్పుడు నవలలోని మిస్ బేట్స్‌ను చూడండి. ఒకప్పటి చర్చి గురువు కూతురు. పెళ్ళి కాలేదు, యౌవనం పోయింది. ముసలితల్లితో చిన్న వాటాలో అద్దెకు ఉంటుంది. నలుగురూ పంపే పళ్ళకూ మాంసానికీ నోరారా కృతజ్ఞత చెప్పుకుంటూ, అడిగినా అడగకపోయినా మాట్లాడుతూనే ఉంటుంది. ప్రతి పెళ్ళివారింట్లోనూ ఇటువంటి పిన్నిగారో, అత్తయ్యగారో ఒకరుంటారు. ఆవిడ మొదలుపెట్టగానే మనం లేచి పక్కగదిలోకి వెళతాం.

పాఠకులూ అదే చేశారు. మిస్ బేట్స్ బాగుందిగాని మరీ ఎక్కువైందని మేనకోడలి భర్త అన్నాడు. ఆ కాలపు మహారచయిత వాల్టర్ స్కాట్ 1816లో పేరు పెట్టకుండా వ్రాసిన సమీక్షలో ఈ నవలను మనసారా మెచ్చుకొని కూడా, ఇటువంటి అమాయకుల ముచ్చట్లు విసుగు పుట్టిస్తాయన్నాడు. అసలు చమత్కారం ఇక్కడే ఉన్నది. నవలలో ఫ్రాంక్ చర్చిల్ అనే యువకుడూ, జేన్ ఫేర్‌ఫాక్స్ అనే పేదపిల్లా రహస్యంగా పెళ్ళి నిశ్చయం చేసుకొని ఉంటారు. ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలివిగల ఎమ్మాకూ తెలియదు. ఆ జేన్ మిస్ బేట్స్‌కు చెల్లెలి కూతురు. ఫ్రాంక్ మాటిమాటికీ ఆ ఇంటికి రావడం, ముసలావిడ కళ్ళజోడుకు ఊడిన మేకు తానే కూర్చుని బిగించడం, అన్నీ మిస్ బేట్స్ గుక్క తిప్పుకోకుండా చెపుతూనే ఉంటుంది. రహస్యమంతా ఆమె నోట్లోంచే వచ్చిపడుతున్నది. వినేవారు లేరు, అంతే. విసుగుపడి ఆ పుటలు తిప్పేసిన పాఠకులు కూడా ఎమ్మా వెంట గోతిలో పడ్డారు.

విననితనం ఒక్కొక్కప్పుడు క్రూరత్వం అవుతుంది. బాక్స్ హిల్ అనే కొండకు అందరూ వనభోజనానికి వెళతారు. ఒక్కొక్కరూ ఒక మంచి చమత్కారమైనా చెప్పాలి, లేదా మూడు చప్పటి మాటలైనా చెప్పాలి అని ఆట. చప్పటి మాటలైతే నాకు కష్టమేముందని మిస్ బేట్స్ నవ్వుతుంది. ఒకేసారి మూడింటితో ఆపడమే మీకు కష్టమని ఎమ్మా అందరిలోనూ అనేస్తుంది. ఆ మాట అర్థమవడానికి మిస్ బేట్స్‌కు ఒక నిమిషం పడుతుంది. మొహం ఎర్రబడుతుంది. తరువాత నైట్లీ ఎమ్మాను చాటుకు పిలిచి చెప్పిన మందలింపు ఈ నవలకు ప్రాణం. ఆవిడ నీతో సమానురాలైతే నవ్వు. కాని ఆవిడ బీదది, ఇంకా బీదదవుతుంది, నిన్ను పసితనం నుంచీ ఎరిగినది అని దాని సారాంశం. ఎమ్మా ఇంటికి పోతూ దారంతా ఏడుస్తుంది. మర్నాడు ప్రొద్దున్నే ఆ ఇంటి మెట్లెక్కుతుంది. ఎమ్మా పెళ్ళికి అర్హత సంపాదించుకున్నది ఆ మెట్లమీదనే అని నాకనిపిస్తుంది. తరువాత జరిగిందంతా లాంఛనం.

ఎమ్మా తప్పంతా ఒక్కటే. అందరి పెళ్ళిళ్ళూ తలపెట్టింది. ఎవరినీ నీ మనసులో ఏమున్నదని నిజంగా అడగలేదు. ఆమెను సృష్టించిన రచయిత్రి సరిగ్గా దీనికి ఎదురుగా నడిచింది. అడిగింది, విన్నది. మెచ్చినవారి మాట పెద్దది చేయలేదు. దెప్పినవారి మాట చిన్నది చేయలేదు. సంజాయిషీ దాదాపు ఎక్కడా చెప్పుకోలేదు. తనకు తప్ప ఇంకెవరికీ అంతగా నచ్చని నాయికను పట్టుకున్నానని వ్రాసే ముందే ఆమె అన్నదట. అది తెలిసి వ్రాసిన మనిషికి ఆ జాబితా భయమెందుకు?

పుస్తకానికి సుఖం దక్కలేదు. జేన్ ఆస్టిన్ 1817 జూలై 18న, నలభై ఒకటో ఏట కన్ను మూసింది. 1820లో మిగిలిన 539 ప్రతులను రెండేసి షిల్లింగులకు వదిలించుకున్నారు. 21 షిల్లింగుల పెళ్ళి విందు చివరకు ఆ ధర పలికింది! కాని విందు అక్కడితో ముగియలేదు. 1995లో 'క్లూలెస్' పేరుతో ఈ కథ లాస్ ఏంజిలిస్ పిల్లల సినిమా అయింది. 2010లో 'అయిషా' పేరుతో ఢిల్లీ పిల్లల హిందీ సినిమా అయింది. ఊళ్ళు మారినా పేరయ్యలు మారలేదు.

పెళ్ళి నవ్వులలో ఇంత బరువు దాచడం మనకు క్రొత్తేమీ కాదు. 1892లో రంగమెక్కిన 'కన్యాశుల్కం' చూసి మనవాళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వు వెనక అమ్ముడుపోతున్న చిన్నపిల్ల ఉన్నది. అందుచేత, పెళ్ళి కథే కదా, కాలక్షేపం కదా అని తీసిపారేయకండి. ఈసారి ఇంట్లో సంబంధం మాట వచ్చినప్పుడు, జాతకాలు చూడకముందే పిల్ల మనసు ఏమిటో పిల్లనే అడగండి. వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న పిన్నిగారు ఏదో చెప్పబోతే లేచిపోకండి. వినండి. ఎవరికి తెలుసు, అసలు సంగతి ఆవిడ నోట్లోనే ఉన్నదేమో!