జంట ఆట: సానియా మీర్జా క్రీడాజీవితము

టెన్నిసు అను ఆట మన మహబూబ్‌నగరు జిల్లాలో విశేషవ్యాప్తి గలది కాదు. మన విద్యార్థులకు చెడుగుడు, వాలీబాలు, క్రికెట్టు ఎంత పరిచితములో ఇది అంత పరిచితము కాదు. అయినను మనకు సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు నగరములో పెరిగి, ఈ యాటలో లోకప్రసిద్ధి గాంచిన సానియా మీర్జా పేరు ఎరుగని బాలిక మన తరగతులలో లేదు. ఆమె ఘనత యేమని యడిగినచో, “ప్రపంచములో మొదటిస్థానము పొందినది” అని వెంటనే బదులు వచ్చును. టెన్నిసులో ఏ భాగమునందు మొదటిస్థానము పొందినది, ఆ భాగమునకే యేల వచ్చినది అని మరల నడిగినచో తరగతియంతయు మౌనము వహించును. ఆ రెండవ ప్రశ్నయే మాకు ముఖ్యముగ తోచుచున్నది గనుక దానికి బదులు వ్రాయ పూనుకొంటిమి.

ముందుగా ఆటను గూర్చి కొంత తెలిసికొనవలెను. టెన్నిసు కోర్టు 78 అడుగుల పొడవు గలది. నడుమ నొక వల కట్టియుండును. దాని యెత్తు మధ్యభాగమున 3 అడుగులు. ఒక్కొక్కరుగా ఎదురెదురుగ ఆడునప్పుడు కోర్టు వెడల్పు 27 అడుగులు. దీనిని సింగిల్సు అందురు. ఇద్దరిద్దరు చేరి ఆడునప్పుడు ఇరుప్రక్కల నాలుగున్నర యడుగుల చొప్పున కలిపి వెడల్పు 36 అడుగులు చేయుదురు. ఇది డబుల్సు. మనుష్యులు రెండింతలైరి గాని నేల రెండింతలు కాలేదని పాఠకులు గమనింతురు గాక. అందుచేత డబుల్సులో పరుగు తగ్గును, ఖాళీస్థలము తగ్గును, ఆలోచించుటకు వ్యవధియు తగ్గును. ఒకరు వెనుకగీత కడ నిలిచి బంతిని బలముగ కొట్టుచుండగా రెండవవారు వలకు చేరువగ నిలిచి, బంతి నేలను తాకకమునుపే దానిని మరల్చి కొట్టుదురు. దీనిని వాలీ యందురు. వెనుకనున్నవారు ఎటు కొట్టుదురో ముందున్నవారు తిరిగి చూడకయే యెరిగియుండవలెను.

పంపులు రాకమునుపు మన పల్లెలలో చెరువుక్రింది పొలములకు గూడ వేసి నీరు తోడుచుండిరి. బుట్టకు ఇరుప్రక్కల తాళ్లు కట్టి ఇద్దరు చెరియొక వైపున నిలిచి, ఒక్క ఊపున ముంచి ఒక్క ఊపున ఎత్తుదురు. ఇద్దరిలో నొకడు ఎంతటి బలశాలియైనను, రెండవవాని లయ తప్పినచో నీరు మడిలో పడక వాని కాళ్లమీదనే పడును. డబుల్సు ఆటయు ఇట్టిదే.

సానియా 1986 నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించినది. పసితనముననే కుటుంబము హైదరాబాదునకు వచ్చెను. హైదరాబాదునకు టెన్నిసు క్రొత్త కాదు. నిజాము కాలమున సయ్యద్ మహమ్మద్ హాదీ అను నగరవాసి 1924లో ప్యారిసు ఒలింపిక్సులో ఈ యాట యాడినాడు. కాని బాలికలు దీనిని జీవనవృత్తిగ చేపట్టుట అప్పటికి వినని సంగతి. సానియా ఆరవయేట రాకెట్టు పట్టినది. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు ముఖ్యశిక్షకుడు. తాము బాల్యమున ఆడిన కోర్టులు ఆవుపేడతో అలికినవని ఆమె అనేక పర్యాయములు చెప్పియున్నది. మన యింటి ముంగిళ్లవంటి ఆ నేలమీదనుండి వింబుల్డన్ పచ్చిక వరకు నడిచినదన్నమాట.

ఎండలో ఆడిన పిల్ల నల్లబడును, నల్లబడినచో పెండ్లి కాదు అని చుట్టుప్రక్కలవారు తనకు ఎనిమిదేండ్ల వయస్సుననే చెప్పుచుండిరనియు ఆమె చెప్పినది. ఈ మాట మన జిల్లాలో నేటికిని వినబడుచున్నది. ఆటస్థలమున చురుకుగ పరుగెత్తు బాలిక తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి గోడప్రక్కన నిలిచి చూచుటకు పరిమితమగుట మేము ప్రతి సంవత్సరమును చూచుచునే యున్నాము.

ఆమె యెదుగుదల త్వరితముగ సాగెను. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్సును రష్యా దేశపు అలీసా క్లేబనోవాతో కూడి గెలిచినది. ఆ సంవత్సరమే హైదరాబాదున జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు పొందినది. 2005 జనవరిలో ఆస్ట్రేలియా పోటీలలో మూడవ రౌండు వరకు వెళ్లి సెరీనా విలియమ్సుతో ఓడినది. మరుసటి నెలలో స్వనగరమగు హైదరాబాదులోనే, స్త్రీల ప్రపంచసంఘమువారి సింగిల్సు పోటీని గెలిచిన మొదటి భారతస్త్రీ యయ్యెను. ఆ సంవత్సరాంతమునకు 31వ స్థానము, 2007 ఆగస్టునకు 27వ స్థానము. ఆమె ఆట మానునప్పటికిని మరియే భారతస్త్రీయు సింగిల్సులో ఆ మెట్టు నెక్కలేదు.

ఈ విజయములన్నిటికిని మూలము ఆమె కుడిచేతి దెబ్బ. దీనిని ఫోర్‌హాండు అందురు. ఆమె ఫోర్‌హాండు నందలి వేగము భుజబలమునుండి వచ్చినంత, మణికట్టును కొరడావలె విదిలించుటనుండియు వచ్చుచుండెను. ఏది ఆమె బలమో దానిమీదనే భారమంతయు పడినది. 2008లో ఆ మణికట్టునకు శస్త్రచికిత్స జరిగెను. ఆ యేటి బీజింగు ఒలింపిక్సులో మొదటి ఆటయందే బాధ తాళలేక నడుమ విరమింపవలసి వచ్చెను. ఒకానొక సమయమున తల దువ్వుకొనుటకైనను ఆ చేయి పనికిరాకుండెనని ఆమె తరువాత చెప్పినది. ఇరువది రెండేండ్లు నిండని క్రీడాకారిణికి ఇది ఎట్టి కాలమో మేము వేరుగ వర్ణింపనక్కర లేదు. మణికట్టు ఒక్కటియే గాక రెండు మోకాళ్లును శస్త్రచికిత్సకు లోబడెను. సింగిల్సులో కోర్టు నంతను ఒక్కరే కాచుకొనవలెను. వారమునకు నాలుగైదు ఆటలు రెండేసి గంటల చొప్పున పరుగెత్తవలెను. శరీరము అందుకు ఒప్పుకొనలేదు. 2013లో ఆమె సింగిల్సును విడిచి డబుల్సునకే అంకితమయ్యెను.

దీనిని కొందరు తక్కువచేసి మాటలాడుదురు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. టెన్నిసులో అధికమైన ధనమును, పత్రికలలో పెద్ద అక్షరములును సింగిల్సువారికే. ప్రపంచమునందలి మేటి సింగిల్సు క్రీడాకారిణులలో పలువురు డబుల్సు ఆడనే యాడరు. కాని కుంటుచు ఇరువది యేడవ స్థానమునుండి నూరవ స్థానమునకు, అటనుండి ఇన్నూరవ స్థానమునకు దిగుచు పోవుటకన్న, తనకు మిగిలినదేమో లెక్కచూచుకొని దానికి తగిన పని వెదకుకొనుట వివేకమని మా యభిప్రాయము. ఆమెకు మిగిలినది ఫోర్‌హాండు. అరకోర్టు నేలలో, పరుగు తక్కువయైన చోట, అది లోకములోని అత్యుత్తమములలో నొకటి. దానికి తోడుగ వలకడ నిలువగల యొక మనిషి కావలసియుండెను.

ఆ మనిషి స్విట్జర్లాండు దేశపు మార్టినా హింగిసు. ఆమె 1980లో నేటి స్లొవేకియా దేశమందలి కోషిట్సె పట్టణమున జన్మించి, బాల్యముననే తల్లితో స్విట్జర్లాండు చేరినది. తల్లి మెలనీ మోలిటరే గురువు. 1997 మార్చిలో, పదునేడేండ్లు నిండకమునుపే, సింగిల్సులో ప్రపంచ ప్రథమస్థానము నొందినది. ఆ యేడు నాలుగు మహాపోటీలలో మూడింటిని గెలిచినది. బలము తక్కువ, బుద్ధి యెక్కువ గల ఆట ఆమెది. పిదప చీలమండల గాయములచేత 2003లో, ఇరువది రెండేండ్లకే, ఆట మానినది. 2006లో మరల వచ్చినది. ఆ కాలమున ఆమెయు సానియాయు ప్రత్యర్థులు; ఆ సెప్టెంబరులో కలకత్తాయందు హింగిసు గెలువగా, కొలది దినములకే సియోలు నగరమున సానియా గెలిచినది. 2007లో హింగిసు రెండవమారు విరమించినది. పరీక్షలో నిషిద్ధపదార్థపు జాడ కనబడెనని రెండేండ్ల నిషేధమును పడెను. ఆ యారోపణను ఆమె ఖండించినది. 2013లో మూడవమారు, ఈసారి డబుల్సు కొరకు, కోర్టులో అడుగుపెట్టినది.

2015 మార్చిలో వీరిరువురును జంట కట్టిరి. అప్పటికి సానియాకు 28, హింగిసుకు 34 సంవత్సరములు. ఒకరికి మణికట్టు చెడినది, ఒకరికి చీలమండలు చెడినవి. సానియా వెనుకగీత కడనుండి ఫోర్‌హాండుతో బంతిని దూసి పంపును. ఎదుటివారు తడబడి మెత్తగ తిప్పి పంపిన బంతిని హింగిసు వలకడ అందుకొని, వారు లేనిచోట పడవేయును. వెనుకచేతి దెబ్బయందు హింగిసు నేర్పరి. అది సానియాకు అంత బలమైనది కాదు. ఒక దేహమునందలి అవయవములవలె ఒకరి కొరత నొకరు పూరించుకొనిరి. అమెరికాలో ఇండియన్ వెల్సు, మయామి, చార్లెస్టన్ పోటీలు మూడును వరుసగ గెలిచిరి. 2015 ఏప్రిల్ 13వ తేదీన సానియా డబుల్సులో ప్రపంచ ప్రథమస్థానము నధిష్ఠించెను. భారతస్త్రీలలో అంతకుముందెవరును దానిని పొందియుండలేదు.

అదే సంవత్సరము జులై 11వ తేదీన వింబుల్డన్ తుదిపోటీ జరిగెను. ఎదుటివారు రష్యా దేశపు మకరోవా, వెస్నీనాలు. ఇండియన్ వెల్సు, మయామిలలో వీరిచేతిలోనే ఓడినవారు గనుక కసితో నుండిరి. మొదటి సెట్టు 7-5గ రష్యావారికి పోయెను. రెండవది సమమై, టైబ్రేకుతో 7-6గ మనవారికి వచ్చెను. మూడవ సెట్టులో లెక్క 2-5. ఇంకొక్క గేము పోయినచో అంతయు ముగియును. అచ్చటనుండి మూడు గేములు వరుసగ గెలిచి 5-5 చేసిరి. అంతలో చీకటిపడగా ఆట నిలిపి, సెంటరు కోర్టుపై కప్పు మూసి దీపములు వెలిగించిరి. మరల మొదలైన పిమ్మట రెండు గేములును మనవారివే, 7-5. మహాపోటీలలో స్త్రీల డబుల్సును గెలిచిన మొదటి భారతస్త్రీ సానియా యయ్యెను. 1996లో పదునైదేండ్ల బాలికగ ఇదే పోటీని గెలిచిన హింగిసు పందొమ్మిదేండ్ల పిదప మరల ఆ కోర్టున నిలిచినది. ఆ కప్పు మూసిన కొలది నిమిషములలో ఇద్దరును ఏమి మాటలాడుకొనిరో తెలిసికొనవలెనని మాకు కుతూహలము గలదు.

తరువాత అమెరికా పోటీ, 2016 జనవరిలో ఆస్ట్రేలియా పోటీ, వరుసగ 41 ఆటల విజయములు. 2016 ఫిబ్రవరిలో దోహాయందు ఆ వరుస తెగెను. జంటయు ఆ ఆగస్టున విడిపోయెను. రెండు సంవత్సరములైనను నిండలేదు. విడిపోయిన వెంటనే సిన్సినాటి తుదిపోటీలో ఇరువురును వలకు చెరియొక వైపున నిలువవలసి వచ్చినది. చెక్ దేశపు స్ట్రైకోవాతో కూడిన సానియా, హింగిసు జంటను 7-5, 6-4 లెక్కతో గెలిచినది. అంతవరకు ఇద్దరును పంచుకొనిన ప్రథమస్థానము అప్పటినుండి సానియా యొక్కతెదే యయ్యెను. ఆ సంవత్సరాంతమున సింగపూరులో మరల కలిసి ఆడి, ఆ మకరోవా, వెస్నీనాల చేతిలోనే ఓడిరి. హింగిసు 2017లో, సింగిల్సులో అయిదు, జంట ఆటలలో ఇరువది మహావిజయములతో, తుదిసారి ఆటనుండి విరమించినది.

సానియా మొత్తము 91 వారములు ప్రథమస్థానమునందుండెను. పురుషులతో జంటగ ఆడు మిశ్రమ డబుల్సులో మహేశ్ భూపతితో 2009లో ఆస్ట్రేలియాయందును, 2012లో ఫ్రాన్సునందును, బ్రెజిలు దేశపు బ్రూనో సోరెసుతో 2014లో అమెరికాయందును పొందిన విజయములు కలిపి మహాపోటీలు ఆరు. 2014లో ఇంచియోను ఆసియా క్రీడలలో మన తెలుగువాడగు మైనేని సాకేత్‌తో కూడి స్వర్ణము గెలిచినది. ప్రభుత్వమువారు 2006లో పద్మశ్రీ, 2015లో ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ బిరుదముల నొసగిరి. 2016 రియో ఒలింపిక్సులో రోహన్ బోపన్నతో కూడి కంచుపతకపు ఆటలో ఓడి నాల్గవస్థానముతో తిరిగివచ్చినది. ఒలింపిక్సు పతకము ఆమెకు దక్కనేలేదు.

2018 అక్టోబరులో ఆమెకు కుమారుడు కలిగెను. 2020 జనవరిలో మరల రాకెట్టు పట్టి, మొదటి పోటీయందే, ఆస్ట్రేలియా దేశపు హోబార్టు నగరమున, ఉక్రెయిన్ దేశపు నాదియా కిచెనోక్‌తో గెలిచినది. 2023 జనవరిలో ముప్పది ఆరేండ్ల వయస్సున బోపన్నతో ఆస్ట్రేలియా మిశ్రమ డబుల్సు తుదిపోటీ వరకు వెళ్లినది. ఫిబ్రవరిలో దుబాయినందు ఆమె కడపటి పోటీ జరిగెను. మార్చి 5వ తేదీన హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియమున, లోగడ తనతో ఆడినవారు కొందరిని పిలిపించి, ప్రజలయెదుట వీడ్కోలు ఆటలు ఆడినది. హైదరాబాదునకు చేరువనున్న ముర్తజాగూడలో ఆమె పేర నొక శిక్షణాలయము 2013 నుండి నడుచుచున్నది. మన జిల్లా బాలికలకు అది బస్సులో కొన్ని గంటల దూరము.