వెన్న శాతం తగ్గిందా? ముందు ఆవు నెమరు చూడండి

మన సంఘాలలో పాల ధర వెన్న శాతాన్ని, వెన్న కాని ఘన పదార్థాల శాతాన్ని బట్టి నిర్ణయమవుతుంది. కనుక వెన్న పడిపోయిన రోజున సభ్యుడు పరీక్షను అనుమానిస్తాడు. కార్యదర్శి సభ్యుణ్ణి అనుమానిస్తాడు. ఇద్దరి అనుమానమూ తప్పు కావచ్చును.

దాళ్వా కోతల తరువాత నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఒక సభ్యురాలి ఆవు పాలలో వెన్న 4.0 నుండి 2.9కి దిగింది. "చుక్క నీళ్ళు కలిపితే నా బిడ్డల మీద ఒట్టండీ" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. "యంత్రానికి ఆమె మీద కక్ష ఉంటుందాండీ?" అన్నారు కార్యదర్శి. మరునాడు నా ఎదుటే పొదుగు పూర్తిగా పితికించి, గెర్బర్ పద్ధతిలో పరీక్షించాను. వెన్న 2.9 వచ్చింది. కాని ఘన పదార్థాలు 8.4 ఉన్నవి. నీళ్ళు కలిస్తే రెండూ తగ్గాలి. ఇక్కడ తగ్గినది వెన్న ఒక్కటే.

దొడ్డిలోకి వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. ఆవు పడుకొని ఉన్నది గాని నెమరు వేయడం లేదు. పేడ పలుచగా, పుల్లని వాసనతో, అరగని నూకలతో ఉన్నది. ఆ ఏడు యంత్రంతో కోయించడం వలన వరిగడ్డి నలిగి చేలోనే పోయింది. ఆ లోటు తీర్చడానికి నూకల జావ, దాణా పెంచారు. అరుగుదలకని బజారు నుండి పొడి పొట్లాలు కూడా కొని పెట్టారు.

పెద్దపొట్టలో జరిగేది

ఆవు పొట్టలో నాలుగు అరలున్నవి. మొదటిదైన పెద్దపొట్టలో, పెద్ద ఆవులకైతే, వంద లీటర్లకు పైగా పడుతుంది. అందులోని సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. పాల వెన్నలో సుమారు సగం పొదుగులోనే తయారవుతుంది. దానికి ముఖ్యమైన ముడిసరుకు, పీచు నుండి వచ్చే ఎసిటిక్ ఆమ్లం.

నూకలు, అన్నం చాలా త్వరగా పులుస్తాయి. అవి ఎక్కువైతే పొట్టలో పులుపు పెరిగి, పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. ఈ పులుపుకు విరుగుడు ఆవు నోటిలోనే ఉన్నది. ఆవు రోజుకు 6 నుండి 8 గంటలు నెమరు వేస్తుంది. అప్పుడు ఊరే లాలాజలంలో సోడా సహజంగానే ఉంటుంది. గడ్డి లేనిదే నెమరు లేదు. నెమరు లేనిదే చాలినంత లాలాజలం లేదు.

ఏ దినుసు ఎంతవరకు?

పెరుగుదల కోసం మేతలో ఆంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి నిషేధించింది. అప్పటి నుండి సహజ దినుసులపై శ్రద్ధ మరింత పెరిగింది. మంచిదే. కాని వాటి హద్దులు తెలిసి వాడాలి.

వంట సోడా: దాణా ఎక్కువగా తినే ఆవుకు, 100 కిలోల దాణాకు 1 నుండి 1.5 కిలోలు కలిపితే పులుపు తగ్గుతుంది.

ఈస్టు: సూక్ష్మజీవులకు తోడ్పడుతుంది. బతికి ఉన్న ఈస్టు అయితేనే ఆ మేలు. ఎండలో పెట్టినది, గడువు దాటినది కొనవద్దు.

ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం: ఇవి మందులు కావు, నిత్యం కావలసిన ఆహారం. 100 కిలోల దాణాకు ఉప్పు 1 కిలో, లవణ మిశ్రమం 2 కిలోలు.

శొంఠి, వాము, ఇంగువ: కొద్దిపాటి మందగింపుకు మన పెద్దలు వాడినవే. వీటితో బెల్లం కలపడం అలవాటు. కాని అన్నం, నూకలు ఎక్కువై అరగని ఆవుకు బెల్లం పెట్టరాదు. అదీ పులిసేదే. గొట్టంతో పట్టేటప్పుడు తల బాగా పైకెత్తి, నాలుక లాగి పట్టుకుంటే మందు ఊపిరితిత్తులలోకి పోతుంది.

పెళ్ళిలో మిగిలిన అన్నం గంపెడు పెడితే ఒకటి రెండు రోజులలో ఆవు ప్రాణమే పోవచ్చును. అటువంటప్పుడు ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని పిలవాలి.

కార్యదర్శులకు మనవి

వెన్న తగ్గి, ఘన పదార్థాలు నిలకడగా ఉంటే వెంటనే నింద వేయకండి. పొదుగు పూర్తిగా పితికారా, మీగడ తీశారా అన్నది విచారించి, తరువాత దొడ్డి చూడండి. తీరికగా పడుకున్న ఆవులలో సగానికి పైగా నెమరు వేస్తూ ఉండాలి. ఎడమ డొక్కలో పిడికిలి ఆనిస్తే రెండు నిమిషాలలో రెండు మూడు సార్లు పొట్ట కదలిక తెలియాలి. మేత మార్పు ఏదైనా 10, 15 రోజులలో కొద్దికొద్దిగా చేయించండి.

ఆ ఇంట జావ మాన్పించాము. దాణా తగ్గించి నాలుగు విడతలుగా పెట్టించాము. పొరుగు రైతు దగ్గర ఎండుగడ్డి ఇప్పించాము. మూడవ వారానికి వెన్న 3.8కి వచ్చింది. పొడి పొట్లాలు కొనడం ఆమె మానుకున్నది. అంతకంటే ముఖ్యం, సంఘంలో ఆమె మాట నిలబడింది.