గోడకెక్కిన బొంత

నాలుగు పార్టీలు కలిసి ఒక ప్రభుత్వం ఏర్పాటు చేస్తే మన పత్రికలు దాన్ని "అతుకుల బొంత" అంటాయి. రచయిత ఎవరైనా అక్కడొక సంఘటన, ఇక్కడొక సంఘటన తెచ్చి నవల అల్లితే విమర్శకులూ ఆ మాటే అంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు తీసిపోనివాళ్ళయితే ఇరుగుపొరుగమ్మలు "గంతకు తగిన బొంత" అని మూతి విరుస్తారు. ఎటు చూసినా తిట్టుకే తప్ప మెప్పుకు బొంత పనికిరాలేదు. పుట్టిన ప్రతి బిడ్డనూ ముందుగా తన మీద పడుకోబెట్టుకున్న వస్తువుకు మన భాష చేసిన సన్మానం ఇదీ!

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఈ మాటలు నేనూ తరగతిలో ఎన్నోసార్లు వాడాను. అటువంటి నేను కిందటి వేసవి సెలవుల్లో పనిగట్టుకుని ఒక చిన్న బొంత కుట్టాను. పరుచుకునేందుకు కాదు, గోడకు తగిలించేందుకు. రెండడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అంతే. ఆ కాస్తదానికీ మూడు వారాలు పట్టింది. అది మొదలుకాకముందే మా అమ్మకూ నాకూ పది రోజులు మాటలు లేకుండా పోయాయి. ఆ సంగతే మీకు చెప్పబోతున్నాను.

పెట్టెలోని మూడు చీరెలు

మా అవ్వది పులివెందుల దగ్గర పల్లె. అమ్మను జమ్మలమడుగులో ఇచ్చారు. నేను ఉద్యోగం మూలంగా ప్రొద్దుటూరులో కాపురం పెట్టాను. పటం మీద ఈ మూడు ఊళ్ళనూ గీతలతో కలిపితే ఒక త్రికోణం వస్తుంది. మా ఇంటి ఆడవాళ్ళ మూడు తరాల కథా ఆ త్రికోణంలోనే జరిగింది.

అవ్వ ప్రతి వేసవిలోనూ ఒక బొంత కుట్టేది. పరుపుకు దూది కావాలిగాని బొంతకు దూదితో పనిలేదు. పాత బట్టే దాని ఒళ్ళు, పాత బట్టే దాని ప్రాణం. ఉతికి ఆరేసిన చీరెలన్నీ పడసాలలో ముందు వేసుకుని కూర్చునేది. అడుగున గట్టి చీరె ఒకటి పరిచేది. దాని మీద చిరిగినవి, వెలిసినవి, తాతగారి పంచెలు, మా పొట్టి లంగాలు వరసగా వేసేది. అన్నిటికీ పైన కాస్త చూడముచ్చటైన చీరె కప్పేది. జరగకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, ముందు దూరదూరంగా పెద్ద కుట్లు వేసుకుని, ఆ తర్వాత తీరికగా పెద్ద సూదితో దగ్గర కుట్టు నడిపేది. కుట్టు ముందుకు పోయేకొద్దీ తానూ బొంత మీదికి జరుగుతూ పోయేది. నాలుగు రోజుల్లో వీధిలోని కబుర్లన్నీ అందులో కుట్టు పడేవి.

ఆ బొంత నులకమంచం మీద పరిస్తే పరుపు, కప్పుకుంటే దుప్పటి, నాలుగు మడతలు వేస్తే పసిబిడ్డకు పక్క. చిరిగితే మాసిక వేస్తారు. మరీ పాతదైతే ఇంకో బొంత కడుపులో దాచేస్తారు. మా ఇంట్లో ఒక బొంత విప్పితే దాని లోపల మరో బొంత కనిపించింది.

ఇప్పుడు ఈ బొంతలు తగ్గిపోయాయి. కారణాలు వెతకనక్కరలేదు. నూలు చీరెల స్థానంలో పాలియెస్టరు చీరెలు వచ్చాయి. అవి సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు, బిడ్డ కింద వేసేందుకు పనికిరావు. మిగిలిన ఒకటీ అరా నూలు బట్టలను పాత గుడ్డలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. ఒక గిన్నె కోసం ఒక బొంతను అమ్ముకున్నామని అప్పుడు మనకు తోచలేదు. ఆపైన మిల్లు దుప్పట్లు, ఫోము పరుపులు ఉండనే ఉన్నాయి.

అవ్వ పోయిన తర్వాత ఆమె ట్రంకు పెట్టెలో మూడు నూలు చీరెలు మిగిలాయి. ఒకటి నల్లది, ఒకటి అరటాకు పచ్చ, ఒకటి పసుపు. వాటిని చూడగానే నాకు మూడు ఊళ్ళూ కళ్ళ ముందు నిలిచాయి. నలుపు జమ్మలమడుగు రేగడి నేల. పచ్చ పులివెందుల అరటితోటలూ చీనీతోటలూ. పసుపు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు. ఈ మూడింటితో ఒక చిత్రం కుట్టి గోడకు తగిలిద్దామన్నాను.

అమ్మ భగ్గుమంది. "ఏంది అమ్మీ, మా అమ్మ కట్టిన చీరెల మీద కత్తెర పెడతావా? అదీ గోడకు తగిలించేదానికా?"

అమ్మ అడిగిన ప్రశ్న

నేను చదువుకున్నదాన్ని కదా, వాదనకు దిగాను. 1820లో మన కడపకు వచ్చి, ఆ మీదట తెలుగుకు అంత సేవ చేసిన బ్రౌను దొర 1852లో అచ్చువేసిన నిఘంటువులో బొంతకు చోటిచ్చాడన్నాను. సంస్కృతంలో దీన్ని కంథ అంటారనీ, వంగదేశపు కాంథా ఆ మాటేననీ, దాన్ని గురించి జసీముద్దీన్ కవి 1929లో ఒక కావ్యమే వెలువరించాడనీ చెప్పాను.

అంతటితో ఆగక అమెరికా కూడా వెళ్ళాను. అక్కడ అలబామా రాష్ట్రంలో నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. ఒకప్పుడు బానిసలుగా బతికినవారి సంతతి అక్కడ కాపురముంటున్నారు. అక్కడి ఆడవాళ్ళు చలికి తట్టుకోవడం కోసం మగవాళ్ళ చిరిగిన పని బట్టలు కోసి బొంతలు కుట్టుకున్నారు. ఆ బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని కళాప్రదర్శనశాల గోడలకెక్కించింది. అదే సంవత్సరం న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శించారు. 2006లో అమెరికా ప్రభుత్వం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది.

అమ్మ అంతా విని ఒకే ఒక మాట అన్నది: "వాళ్ళవి పరుచుకున్నాక గోడెక్కినాయి. నువ్వు పరుచుకోకుండానే ఎక్కిస్తాండావు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాతి పది రోజుల మౌనం గురించి ముందే మనవి చేశాను. పదకొండో రోజున అమ్మే ఒక షరతు పెట్టింది. మా తమ్ముడి కూతురు నెలల మనిషి. ముందు ఆ పుట్టబోయే బిడ్డకు అవ్వ చీరెలతో అసలైన బొంత కుట్టాలి. అందులో మిగిలిన ముక్కలు నా ఇష్టం. షరతు న్యాయంగానే ఉన్నది. అమ్మకు చూపు ఆనకపోయినా పక్కన కూర్చుని వేళ్ళతో తడిమి, "ఈ కుట్టు పొడుగైంది, విప్పు" అంటూ నాచేత బొంత పూర్తి చేయించింది. మూడు చీరెల అంచుల దగ్గర కాస్త కాస్త మిగిలింది. ఆ మిగులే నా గోడ బొంతకు పెట్టుబడి.

కాగితం మీద కుట్టు

గుడ్డముక్కలను కాగితం సాయంతో అతకడం కొత్త విద్య కాదు. ఇంగ్లండులో 1718 అని తేదీ కుట్టి ఉన్న పట్టు దుప్పటి ఒకటి ఈనాటికీ భద్రంగా ఉన్నది. కాగితాన్ని కావలసిన ఆకారంలో కత్తిరించి, దాని మీద గుడ్డను మడిచి, మడత అంచులను చేతితో కలిపి కుట్టే పద్ధతి అది. మిషను మీద కుట్టేవారికి వేరే పద్ధతి ఉన్నది. నేను చేసినది అదే.

ముందు చిత్రాన్ని అసలు కొలతకు పలచని కాగితం మీద గీయాలి. గీతలన్నీ నిటారుగా ఉంటే పని సులువు. త్రికోణాలూ పట్టీలూ మేలు. ఏ ముక్క తర్వాత ఏది అతకాలో వరసగా అంకెలు వేసుకోవాలి. ఒకటో ముక్కను కాగితానికి గీతలు లేని వైపున, రంగు పైకి కనిపించేటట్లు పెట్టాలి. రెండో ముక్కను దాని మీద బోర్లించాలి. ఇప్పుడు కాగితాన్ని తిప్పి, రెండు ముక్కలకూ మధ్యనున్న గీత మీద మిషను నడపాలి. పావంగుళం విడిచి అదనపు గుడ్డ కత్తిరించి, రెండో ముక్కను తెరిచి ఇస్త్రీ చేయాలి. మూడోదీ అంతే. గీత తిన్నగా ఉంటే కుట్టు తిన్నగా ఉంటుంది. చేయి వణికినా ఫరవాలేదు.

కుట్టు మామూలుకన్నా చిన్నదిగా, అంగుళానికి పద్దెనిమిది దాకా ఉండాలి. అప్పుడు కాగితం నిండా బెజ్జాలు పడి, చివర లాగితే తపాలా బిళ్ళలా సులువుగా చిరిగి వస్తుంది. కాగితం సూది మొనను అరగదీస్తుంది కనుక పని కాగానే ఆ సూది మార్చుకోవాలి. రంగు దిగే గుడ్డలను ముందే ఉతికి చూసుకోవాలి.

ఇంత తెలిసీ నేను అసలు సంగతి మరిచాను. గీతలు ఒక వైపు, గుడ్డ మరో వైపు ఉంటుంది గనుక బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ముక్కలన్నీ అతికి, మూడు ఊళ్ళ పైగా పెన్నానదికి నీలిరంగు జాకెట్టు గుడ్డ పట్టీ వేసి, దాని కొసన ప్రవాహం పోయే దిక్కుకు బాణంలా ఒక త్రికోణం పెట్టి, గర్వంగా అమ్మ ముందు పరిచాను. అమ్మ కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది. "ఇదేందే, పెన్న పడమటికి పోతాంది! గండికోట కొండల్లో నుంచి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు దిగాల్సిన నీళ్ళు వెనక్కు ఎక్కుతాండాయే!" అన్నది. నిజమే. నందికొండల్లో పుట్టి నెల్లూరు దిశగా సాగే నదిని నేను పుట్టింటికి తిప్పి పంపాను. రెండు రోజుల పని విప్పి, ఈసారి కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, గీతలను వెనకవైపు దిద్దుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

మిషను మీద ముగ్గు

అతికిన పైగుడ్డ, మధ్య పాత పంచె, అడుగున అస్తరు, మూడింటినీ కలిపి కుట్టడం చివరి పని. మూడు పొరలనూ ముడతలు లేకుండా పరిచి పెద్ద కుట్లతో పట్టించుకోవాలి. మిషను కుట్టు నడిమి నుంచి అంచులకు రావాలి. అంచుల నుంచి లోపలికి వస్తే గుడ్డంతా మధ్యలో ఉబ్బుతుంది.

మామూలు మిషనులో సూది కింద పళ్ళు ఉంటాయి. అవి గుడ్డను ముందుకే లాగుతాయి. వంకరలు కుట్టాలంటే ఆ పళ్ళను కిందికి దించాలి, లేదా వాటిని కప్పివేయాలి. అప్పుడు గుడ్డను మన రెండు చేతులే నడపాలి. ఇదేదో పెద్ద విద్య అనుకుని మా వీధిలో బట్టలు కుట్టే అమ్మాయిని అడిగాను. ఆమె నవ్వి, "మేము మిషను ఎంబ్రాయిడరీకి చేసేది ఇదే కదా మేడమ్!" అని రింగు బిగించి తన తొక్కుడు మిషను మీద చూపించింది. కాలు ఒకే వేగంతో తొక్కాలి, చేతులు తొందరపడకూడదు. అంతకన్నా రహస్యం లేదు.

అయితే ఏ నమూనా కుట్టాలి? కుట్టు మధ్యలో తెగకూడదు. తెగినచోటల్లా దారం ముడి వేయాలి. మొదలుపెట్టినచోటికే గీత తిరిగి రావాలి. పుస్తకాలు తిరగేస్తూ ఉంటే మెలికల ముగ్గు గుర్తుకు వచ్చింది. చుక్కల చుట్టూ చేయి ఎత్తకుండా తిరిగి బయలుదేరినచోటికే వచ్చే ఆ గీత ఇందుకోసమే పుట్టినట్టు ఉన్నది! సబ్బు ముక్కతో చుక్కలు పెట్టుకుని అవ్వ సంక్రాంతికి వేసే ముగ్గును సూదితో వేశాను. మొదటి మెలికలు కాస్త తాగినవాడి నడకలా వచ్చాయి. నాలుగో దానికి చేయి కుదిరింది.

చుట్టూ అంచుపట్టీ వేసి, వెనకవైపు పైన గొట్టంలాగా ఒక పట్టీ కుట్టి, అందులో వెదురు కర్ర దూర్చి, ఎండ నేరుగా పడని గోడకు తగిలించాను.

ఇప్పుడు మా ఇంట్లో రెండు బొంతలున్నాయి. గోడ మీది దాన్ని వచ్చినవాళ్ళందరూ చూసి మెచ్చుకుంటున్నారు. రెండోదాన్ని ఎవరూ మెచ్చుకోరు. మా తమ్ముడి మనుమరాలు దాని మీద పడుకుని కాళ్ళు ఆడిస్తుంది, తడుపుతుంది. వారానికి మూడుసార్లు అది నీళ్ళలో మునిగి తీగ మీద ఆరుతుంది. ఇంతవరకు ఒక్క కుట్టు ఊడలేదు. మొన్న అమ్మ దాన్ని మడత పెడుతూ, గోడవైపు చూసి, "అదీ బాగానే ఉందిలే" అన్నది. నాకు అదే బిరుదు.

సోదరీమణులు ఎవరైనా ఈ పని తలపెడితే ఒక్క మనవి. ముందు పరుచుకునేది కుట్టండి, మిగిలిన దానితో గోడకు కుట్టండి. ఇక తరగతిలో నేను అతుకుల బొంత అనే మాటను నిందకు వాడటం మానుకున్నాను. అవ్వ కుట్టిన ఏ బొంతా అతుకు దగ్గర చిరగడం నేను చూడలేదు. చిరిగితే అతుకు లేనిచోటే చిరిగేది.